తాళం తిప్పని తాతయ్య

రెండు దేశాలు ఒకదానిమీదొకటి అణుబాంబులు గురిపెట్టుకున్న రోజుల మీద సినిమా తీస్తున్న దర్శకుడి గదికి, ఆనాటి క్షిపణి కేంద్రం ఉద్యోగి మనవరాలు చంటిబిడ్డను భుజాన వేసుకుని వచ్చింది.

"మా తాతయ్యను పిరికివాడిగా చూపిస్తున్నారట కదా సార్?"

"కాస్త ఏడుస్తాడు, అంతేనమ్మా. హీరో ఆయన్ని తోసేసి ఎర్ర బటన్ మీదికి దూకుతాడు."

"అక్కడ బటనే లేదు సార్. రెండు తాళాలు. డ్యూటీలో ఉన్న ఇద్దరూ ఒకేసారి తిప్పితేనే క్షిపణి లేస్తుంది."

"ఇద్దరు తిప్పితే హీరో గొప్పేముంది?"

"క్షిపణి వదలమన్న ఉత్తర్వు పొరపాటున వచ్చిందేమోనని తాతయ్య చేతులు కట్టుకు కూర్చున్నాడు. దానికే ఉద్యోగం ఊడింది. పరువైనా ఉంచండి సార్, రేపు వీడు చూస్తాడు."

"ఊరికే కూర్చుంటే ఎవరు చూస్తారమ్మా? తాళం తిప్పకపోతే ఇంక సినిమా ఏం మిగిలింది?"

"సినిమా హాళ్ళు మిగిలాయి సార్."