నీళ్లు కాని ఐసు

మిట్టమధ్యాహ్నం. కరెంటు లేదు. ముందు గదిలో ఐస్‌క్రీమ్ వ్యాను నడిపే తండ్రి, సైన్సు పుస్తకం పట్టుకున్న కూతురు. వెనక గది తలుపు మూసి ఉంది.

"ఘనం అయిపోయింది, ద్రవం అయిపోయింది. ఇక వాయువు చెప్పు, అమ్మడూ."

"వాయువుకి ఆకారం ఉండదు. దాని కణాలు దూరదూరంగా ఉంటాయి, ఎటు పడితే అటు పరిగెడతాయి. ఏ గదిలో వదిలితే ఆ గదంతా ఆక్రమిస్తుంది."

"మీ మేనత్తలాగన్నమాట."

"నాన్నా! నవ్వించకు, మర్చిపోతాను. ఏదన్నా ప్రశ్న అడుగు."

"ఐసు కరిగితే ఏమవుతుంది?"

"నీళ్లు. మరీ ఇంత తేలికవా! కరక్కుండా సరాసరి వాయువైపోయే ఐసు ఏది? అది అడుగు."

"సరే, ఏది?"

"డ్రై ఐసు. నీ వ్యాన్లో వేస్తారే తెల్లటి దిమ్మలు, అవే."

"ఓ, అదా! దాని సంగతి నన్నడుగు. పొద్దున డ్యూటీ దిగుతూ మిగిలిందంతా ఇంటికే తెచ్చా. వెనక గదిలో పెట్టెకి మూత తీసి పెట్టా. ఉక్కకి రాత్రంతా మీ నానమ్మకి నిద్ర లేదు పాపం. ఇప్పుడు చూడు, చడీచప్పుడు లేదు."

"కిటికీ తీశావా?"

"తీస్తే చల్లదనం నిలుస్తుందా? కిటికీ, వెనక తలుపు అన్నీ బిగించా. ఈ తలుపు కింద గోనెసంచి కూడా కుక్కా. ఎండాకాలం మా డ్రైవర్లందరూ చేసేది ఇదే."

"ఎంత తెచ్చావు?"

"పెట్టె నిండా. ఈపాటికి సగం పోయుంటుంది. అదే దాని గొప్ప, నేల మీద చుక్క తడి ఉండదు."

"పోయిన సగం ఎక్కడుంది, నాన్నా?"

"ఎక్కడుంటుంది? గాల్లో కలిసి..."

"ఏ గాల్లో?"

"ఆ గదిలోదే."

"మా సారు క్లాసులో చూపించారు. గాజుగ్లాసులో దాని వాయువు పట్టి, వెలుగుతున్న కొవ్వొత్తి మీదకి వంచారు, నీళ్లు పోసినట్టు. ఏమీ కనపళ్లేదు. కొవ్వొత్తి ఆరిపోయింది. అది గాలికంటే బరువట. ముందు నేల మీదకి దిగి, అక్కడున్న గాలిని పైకి నెట్టేస్తుందట."

"చాల్లే, భయపెట్టకు."

"పెట్టె పెట్టాక ఏమన్నా తేడాగా అనిపించిందా?"

"ఏం లేదే. దోమల చుట్ట ఒకటి..."

"దోమల చుట్టకేమైంది?"

"పెట్టె పక్కన నేల మీద పెడితే ఆరిపోయింది. మళ్లీ వెలిగిద్దామంటే పుల్ల కూడా ఆరిపోయింది. చుట్ట చెమ్మగిల్లిందేమో అనుకున్నా."

"చుట్ట చెమ్మగిల్లితే పుల్లెందుకు ఆరుతుంది, నాన్నా?"

"జరుగు. జరుగమ్మా, తలుపు తియ్యనీ."

"నానమ్మ కింద పడుకుందా?"

"మంచం మీదే. నేనే ఎక్కించా."

"తమ్ముడు?"

"వాణ్ణి మీ అమ్మ కుట్టుపనికి తీసుకెళ్లిందిగా. ఛ, సంచి అడ్డం పడుతోంది... లాగు, లాగు!"

"చీకటిగా ఉంది, ఏమీ కనపట్లేదు! నానమ్మా! నానమ్మా!"

"ఏంట్రా ఆ అరుపులు? ఇల్లేమన్నా కూలిందా?"

"అమ్మా! హమ్మయ్య! బాగానే ఉన్నావా? కళ్లు తిరుగుతున్నాయా?"

"కాస్త తల దిమ్ముగా ఉంది. ఎన్నాళ్లకి పట్టిందిరా ఇంత నిద్ర!"

"లే నానమ్మా, ముందు బయటికి రా. నాన్నా, కిటికీ తియ్యి!"

"గుండె ఆగినంత పనైంది నాకు. ఇంకెప్పుడూ తేను, ఒట్టు. మంచం ఎత్తుగా ఉంది కాబట్టి సరిపోయింది."

"మెల్లిగా మాట్లాడండర్రా, చంటాడు లేస్తాడు. నువ్వు స్నానానికెళ్లినప్పుడు మీ ఆవిడ నాకప్పగించి, వెనక తలుపు దగ్గరికి లాగి వెళ్లిందిలే. మంచం మీద ఉక్కపోసి ఒకటే ఏడుపు. ఆ పెట్టె పక్కన చాప వేసి పడుకోబెట్టా, అప్పట్నుంచి ఒక్కసారన్నా కుయ్యిమనలేదు."