నడుం లోతు నీళ్ళలో

హలో… ఆ, నేనేరా, అన్నయ్యని… బతికే ఉన్నా. అదేం పలకరింపురా.

షిప్పులోంచే… పైన డెక్కు మీద, పడక్కుర్చీలో. మీ వదిన స్నానానికెళ్ళింది. అందుకే ఈ కాస్త స్వేచ్ఛ.

ఫోటోలో ఉన్నది నేనే… ఎవరనుకున్నావు మరి… కప్పా. ఉంటాను, ఎందుకుండను. ముక్కు లోపలికి, కళ్ళు బయటికి, నోట్లో గొట్టం. మీ వదినే తీసి పంపింది… షాపుకొచ్చిన కస్టమర్లకి కూడా చూపించావా. సంతోషం.

స్నార్కెల్… కాదు, స్పార్కిల్ కాదు. స్నార్కెల్. మునగడం కాదురా, బోర్లా తేలడం. మొహం నీళ్ళలో ఉంటుంది, గొట్టం కొస పైకి ఉంటుంది. అందులోంచి నోటితో గాలి పీల్చుకుంటూ కింద చేపల్ని చూడాలి… అంతే. దీనికోసమే ఇంత దూరం రావడం.

నవ్వు, నవ్వు. ముప్పై ఏళ్ళు నీళ్ళని గొట్టాల్లో నడిపించిన ప్లంబర్ని. చివరికి ఆ గొట్టం తెచ్చి నా నోట్లోనే పెట్టారు.

నేనెక్కడ ఒప్పుకున్నాను… పెళ్ళయి పాతికేళ్ళయిందని షిప్పెక్కించింది ఆవిడ. షిప్పు కదిలేదాకా ఈ సంగతి చెప్పలేదు. కాన్పుల వార్డులో నర్సు కదా. సూది ఎప్పుడు బయటికి తియ్యాలో బాగా తెలుసు.

పాఠం నిన్న చెప్పారు. షిప్పులోనే ఈత కొలను, మోకాళ్ళ లోతు వైపు. మొత్తం ఆరుగురం. ఒకామెకి డెబ్బై దాటి ఉంటాయి. ఆమె హాయిగా తేలిపోతోంది. నేను మెట్ల దగ్గర కమ్మీ పట్టుకుని ఆమెకి దారిచ్చా… భయం కాదు, మర్యాద.

నేర్పే అమ్మాయి మన పెద్దదాని ఈడు. ముందు మాస్కు అద్దం మీద ఉమ్మెయ్యమంది… అవున్రా, ఉమ్మే. లోపలి వైపు. ఆవిరి పట్టకుండా ఉంటుందట. రోడ్డు మీద ఉమ్మితే నన్ను కాల్చుకుతినే మీ వదిన, పక్కన నిలబడి, ఉమ్మండి, ఇంకాస్త ఉమ్మండి అంటోంది.

పెట్టుకున్నా… కారింది. మాస్కులోకి నీళ్ళు. బిగించా, మళ్ళీ కారింది. లీకు చూస్తే నాకు అన్నం సయించదని నీకు తెలుసుగా. పట్టీ సరిచేశా. రబ్బరంచు చుట్టూ తడిమి చూశా. రబ్బరు బాగానే ఉంది. తేడా ఎక్కడా అంటే, రబ్బరుకీ నా మూతికీ మధ్య…

ఆ. మీసం.

తీసేశా.

హలో… ఉన్నావా… తీసేశానురా. సీలు కూర్చోకపోతే ఏం చెయ్యమంటావు. ఆ అమ్మాయి వ్యాజ్‌లైన్ పూసుకుంటే చాలంది. నేనే, పనంటే పనిలా ఉండాలని, గదిలోకెళ్ళి మొత్తం గీసేశా. బయటికొచ్చేసరికి మీ వదిన నన్ను ఎగాదిగా చూసి, 'మా ఆయన లోపలున్నారండీ, కాసేపాగి రండి' అంది.

పంపను… చచ్చినా ఆ ఫోటో పంపను.

సముద్రంలోకి ఇవాళ పొద్దున దిగాం. ఒక దీవి దగ్గర షిప్పు ఆపి, చిన్న పడవల్లో ఒడ్డుకి చేర్చారు. కాళ్ళకి రబ్బరు రెక్కలు తొడిగారు, బాతు పాదాల్లాంటివి. వాటితో ముందుకి నడిస్తే పడతాం. వెనక్కి నడవాలి. పాతికేళ్ళ కాపురంలో నేనూ మీ వదినా ఒకే దిక్కుకి నడవడం ఇదే మొదలు. అదీ వెనక్కి.

లైఫ్ జాకెట్టు వేశారులే… మునగమన్నా మునగం. నీళ్ళు కూడా ఎంతని, నడుందాకా. మొహం పెట్టమన్నారు. పెట్టా.

తర్వాతా…

ఊపిరి ఆగిపోయింది. గొట్టంలో గాలి ఉంది. ఉందని నాకు తెలుసు. కొస పైనే ఉంది, మధ్యలో అడ్డం ఏమీ లేదు. కానీ ఛాతీ తీసుకోదే. చెవుల్లో నా ఊపిరే నాకు… గర్రుగర్రుమని, గాలి పట్టిన మోటార్లా. ఇంతలో ఓ అల వచ్చింది. చిన్నదే. గొట్టంలోకి ఉప్పునీళ్ళు వచ్చాయి. అంతే.

అంతే అంటే… పరిగెత్తా.

కాదురా, లేచి నిలబడ్డం కాదు. పరుగే. ఆ బాతు పాదాలతోనే. రెండుసార్లు బొక్కబోర్లా పడ్డా. పిల్లలు ఇసకలో గుంటలు తవ్వుకుంటుంటే వాళ్ళ మీదుగా దూకా… నవ్వుకో. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. నేను చూసినా నవ్వేవాణ్ణే.

కానీ ఒకటి… అప్పుడు మీ వదిన నా చెయ్యి పట్టుకుని ఉంది. అదే అల ఆవిడకీ తగిలింది. కాలు మడతపడి పడిపోయింది. పడుతూ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను విదిలించుకుని వచ్చేశా. వెనక్కి కూడా చూళ్ళేదు.

ఏం కాలేదు, ఏం కాలేదు. నడుం లోతేగా. ఆ అమ్మాయి లేపింది. మోకాలు గీసుకుపోయింది, అంతే.

తిట్టలేదు… అదే నా భయం. వచ్చి పక్కన కూలబడి, మోకాలికి తనే కట్టు కట్టుకుంది. కట్టుకుని, 'మీరు దేన్ని చూసి పరిగెత్తారు?' అంది. ఎందుకు అని కాదు. దేన్ని చూసి అని.

చెప్పా… నీకూ చెప్తాలే. ముందు జరిగింది పూర్తి చెయ్యనీ.

అంతా వింది. తర్వాత లేచి, నన్ను లేపి, మళ్ళీ నీళ్ళలోకి లాక్కెళ్ళింది. నాకు కాన్పు చేసిందనుకో. అంతమంది ముందు, నడుం లోతు నీళ్ళలో. తీసుకోండి… వదలండి… తొందరేం లేదు… తీసుకోండి… అంటూ. నేర్పే అమ్మాయి కిక్కురుమనకుండా పక్కకి తప్పుకుంది. నేను నొప్పులు పడేదానిలా మీ వదిన వేళ్ళు నలిపేశా. పదో ఊపిరికో పన్నెండో ఊపిరికో ఛాతీ వదులైంది.

అప్పుడు కళ్ళు తెరిచా.

ఏముందంటే… ఎలా చెప్పను. అడుగున ఇసక మీద నా నీడ. లావుగా, కాళ్ళూ చేతులూ చాపుకుని, ఎగురుతున్నట్టు. ఆ నీడలో చేపలు… పసుప్పచ్చవి, నల్ల చారలవి, బస్సు కోసం నిలబడ్డ జనంలా. బొటనవేలంత చేప ఒకటి నా అద్దం దగ్గరికొచ్చింది. అద్దెకి ఇల్లు చూసుకోడానికొచ్చినట్టు ఆ కంట్లోకీ ఈ కంట్లోకీ చూసి, నచ్చక వెళ్ళిపోయింది.

ముప్పావు గంట… నిజంరా. చివరికి మీ వదిన నా లైఫ్ జాకెట్టు పట్టుకుని లాగితే గానీ లేవలేదు.

ఊఁ… తప్పించుకోవట్లేదు, చెప్తా. స్పీకర్లో పెట్టావా… తీసెయ్. షాపులోంచి బయటికి రా. నీళ్ళ ట్యాంకులు పేర్చిన వైపు… వచ్చావా.

క్వారీ గుంట.

ఆ… అదే. నీకు ఎనిమిది, నాకు పదకొండు. వాననీళ్ళు నిండి ఉంది, నువ్వు అంచు మీంచి జారావు. లోకానికి తెలిసిన కథేంటి. అన్నయ్య రోడ్డు మీదికి పరిగెత్తి, లారీ డ్రైవర్ని పిలుచుకొచ్చి, తమ్ముణ్ణి బతికించాడు. నా పెళ్ళిలో మైకులో కూడా చెప్పారు.

పిలవలేదురా.

నేనెవర్నీ పిలవలేదు. రోడ్డు దాటి ఇంటికి పరిగెత్తా. ఆ డ్రైవరు బకెట్టు పట్టుకుని తన పాటికి తను నీళ్ళకొచ్చాడు. నేను ఇంటికెళ్ళి… కాళ్ళు కడుక్కున్నా. అమ్మ కంచం పెట్టింది. తమ్ముడేడిరా అంటే, వస్తున్నాడన్నా. తిన్నా. రెండోసారి వడ్డించుకుని కూడా తిన్నా. ఆయన నిన్ను భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చేసరికి నా చెయ్యి ఎంగిలి.

…

ఏంటీ?

తెలుసా?

ఎప్పట్నుంచి… అప్పట్నుంచేనా. ఒకసారి పైకి తేలినప్పుడు… నా వీపు కనిపించిందా.

మరి అన్నయ్యే డ్రైవర్ని పంపాడని అమ్మకి చెప్పింది నువ్వే కదరా. నేను నోరే తెరవలేదు… దేనికి అలా చెప్పావు… నన్ను కొడుతుందనా… ఊఁ… మళ్ళీ చెప్పు.

అమ్మ నన్ను కొడితే, నేను ఆ కసి నీ మీద తీర్చుకుంటాననా.

… తీర్చుకునేవాణ్ణే. నిజమే.

ఆగు… ఆగాగు. మరి ఇన్నేళ్ళూ, ఎవరింట్లో నీళ్ళ సంపులోకి దిగాల్సి వచ్చినా నువ్వే ముందు చొక్కా విప్పేవాడివి. 'అన్నయ్యకి పొట్ట అడ్డమండీ, నేను దిగుతా' అని, కస్టమర్ల ముందే. నాకు పొట్ట లేని రోజుల్లో కూడా అన్నావు… అందుకా.

నేను ఆ మాట పట్టుకుని తెల్లారి లేచి నడకకి వెళ్ళేవాణ్ణి కదరా, దుర్మార్గుడా.

మునిగినవాడివి నువ్వు… దిగిందీ నువ్వే.

తప్పయిపోయిందిరా… విన్నావుగా. మళ్ళీ చెప్పను.

ఏంటా చప్పుడు… జలుబా. ఈ ఎండల్లో జలుబేంట్రా… సరే, జలుబే. నాక్కూడా ఉప్పునీళ్ళకి ముక్కు కారుతోంది.

ఒక మాట. ఇకనుంచి సంపులోకి నేను దిగుతా. నువ్వు పైన నిలబడి టార్చి పట్టుకో… ఆ, నిజంగానే… నవ్వడం ఆపు. ముప్పావు గంట తేలిన మనిషితో మాట్లాడుతున్నావు.

ఏంటి… సోమవారం ఒకటుందా? ఎవరింట్లో… ఓహో, ఆ కళ్ళద్దాల డాక్టరు గారింట్లో. లోతెంత… ఎనిమిది అడుగులు. ఖాళీ చేసే ఉంచుతారుగా… అడుగున వాల్వు ఊడి మోటారు నీళ్ళు లాగట్లేదా. అంటే నిండా…

హలో… హలో… ఏంటో, నీ మాట సరిగ్గా వినపడట్లేదురా. ఇక్కడ సిగ్నలు—

…

లేదు. వినపడింది.

వినపడిందిరా. ఎనిమిది అడుగులు, నిండా నీళ్ళు, సోమవారం. పొద్దున్నే వస్తా. నేనొచ్చేదాకా నువ్వు దిగకు.

ఉంటా మరి.