వంతెన మీద సుప్రజ

పేట్ బషీరాబాద్‌లో ఆమె ఫ్లాట్. తలా ఒక పాత్ర ఎంచుకుని, పాచికలు వేస్తూ కథ నడిపే ఆటకు ఆ ఆదివారం ఇద్దరే మిగిలారు: తన పాచికలు కనబడకుండా చిన్న తెర అడ్డం పెట్టుకుని ఆట నడిపించే ఆమె, పోయిన వారం గొడవ పెట్టుకున్న అతను.

“విశ్వతేజ వస్తలేడా?”

“రాడు. ఇంకెప్పుడూ రానన్నాడు.”

“ఆటల వాని పాత్ర ఒక్కటి సచ్చిందని గింత కోపమా? వంతెన కూలినప్పుడు అందరి లెక్కనే గామెకు కూడా బతుకుతదో లేదో పాచిక ఎయ్యాలె. నేను అడిగింది రూలే.”

“రూలే. నేను కాదనలేదు.”

“మరి ఇన్ని రోజులు తెర ఎనక పాచిక దాచి గామెను బతికిచ్చినవ్ గదా? మా పాత్రలు సస్తే సచ్చినట్టే. గామె ఒక్కతి స్పెషలా?”

“ఆ పాత్ర పేరు సుప్రజ. అది వాళ్ళ అక్క పేరు. కిందటేడు శామీర్‌పేట రోడ్డు మీద యాక్సిడెంట్‌లో పోయింది. బండి నడిపింది విశ్వతేజే.”

“నాకెందుకు చెప్పలే?”

“ఎవరికీ చెప్పొద్దన్నాడు. అందుకే దాచాను. అందరి ముందు వెయ్యమని నువ్వు పట్టుబట్టావు, వేశాను.”

“మళ్ల బతికిచ్చే మంత్రం ఉంటది గదా? నా పాత్రను బదులు తీస్కో.”

“అదీ చెప్పి చూశాను.”

“ఏమన్నడు?”

“‘రెండుసార్లు నా కళ్ళ ముందే పోయింది, మళ్ళీ తీసుకురావద్దు’ అన్నాడు.”

“నాగారంల వాని ఇంటికి పోదాం పా. మాఫీ అడుగుత.”

“నీ మీద కోపం లేదట. నువ్వు చెప్పిన రూలు కరెక్టేనన్నాడు.”

“కోపం లేకుంటే ఎందుకు రాడు?”

“వాడు ఇన్నాళ్ళూ వచ్చింది మన కోసం కాదు. అక్క పక్కన కాసేపు కూర్చోవడానికి.”