పెద్దాయన గొంతు

టీకొట్టు వదిన గ్లాసులు కడుగుతూనే ఒక చెవి బెంచీ వైపు పడేసింది. ప్రెస్సులో పనిచేసే ఆమె భర్తను జీపులో ఎక్కించుకుపోయి ఏడాది దాటింది. కనపడ్డ ప్రతి ఆఫీసు ముందూ కూర్చుని ఆమె గోల పెడుతుంటే, ఓరోజు దేశాన్నేలే పెద్దాయనే స్వయంగా ఫోన్ చేశాడు. "మీ ఆయన క్షేమం. నోరు మూసుకుని ఉంటే ఇంటికొస్తాడు." అప్పట్నుంచి ఆమె నోరెత్తలేదు.

బెంచీ మీద డబ్బా బాబాయి అందుకున్నాడు. టెలిఫోన్ ఆఫీసులో చేసి రిటైరైన మనిషి.

"మొదట్లో చిన్న పనేరా. పెద్దాయన ఫోన్ ఎవడూ దొంగచాటుగా వినకుండా చూడాలి. వినేవాళ్లేమో పుట్టలకొద్దీ, గోడకో చెవి. సరే, నేనో ఉపాయం చెప్పా, అసలు ఫోన్ ఒక్కటే, దొంగ ఫోన్లు బోలెడు పెడదాం, వాటిల్లో ఆయన గొంతుతో నేను మాట్లాడతా, ఏది అసలో తేలక చావనీ అని. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏముంది, జీతం పెరిగుంటుంది," అన్నాడు పక్క కొట్టు టైలరు.

"జీతం మొహం. పరాయి దేశాల గూఢచారులంతా నాదే అసలు ఫోననుకుని ఆయన్ని వినడమే మానేశారు. ఆఖరికి ఆయనే నాకు ఫోన్ చేసి, 'ఏమయ్యా, ఇవాళ నేనేం నిర్ణయించాను?' అనేవాడు. వాళ్లావిడ కూడా అంతే, భోజనానికి ఎప్పుడొస్తారని నన్నే అడిగేది."

"వెళ్లావా మరి?"

"నవ్వు, నవ్వు. అసలు సంగతి వింటే మొహం మాడిపోతుంది. ఆయన పోయి మూడేళ్లయింది. రేడియోలో వినపడేది ఎవరనుకున్నావ్? ఈ బెంచీ మీద కూర్చునే దేశాన్ని నడుపుతున్నా."

"చాల్లే బాబాయ్. ఏదీ, ఓసారి మాట్లాడు చూద్దాం."

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "ప్రజలారా," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. టైలరు తనకు తెలియకుండానే లేచి నిలబడ్డాడు. కదిలిన పెదాలు బాబాయివే, గొంతు మాత్రం పెద్దాయనది. వదిన చేతులు తుడుచుకోకుండానే వచ్చి అతని ఎదుట నిలబడింది.

"అయితే బాబాయ్, నాకు ఫోన్ చేసింది నువ్వేనా? మా ఆయన వస్తాడని చెప్పింది?"

బాబాయి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"లేదు తల్లీ. నేనక్కడ ఫ్యాన్లు బాగుచేసేవాణ్ని. ఇవన్నీ కోతలమ్మా, ఒట్టి కోతలు. నీకు చేసింది పెద్దాయనే."

"అమ్మయ్య," అంది వదిన. "అయితే వస్తాడు."

టైలరు తలొంచుకున్నాడు. అప్పుడు తట్టింది వదినకి. ఎంత నిలదీసినా, ఎంత ఎగతాళి చేసినా, తనవి కోతలని బాబాయి ఏనాడూ ఒప్పుకోలేదు, ఇవాళ తప్ప. ఆమె అతని పక్కనే బెంచీ మీద కూలబడింది.