కప్పకూడని కుప్ప

చెప్పి రావచ్చుగా సారూ. ఒక్క ఫోన్ చేస్తే మీ సొమ్మేం పోయేది? కల్లంలో ఈ అవతారంలో దొరికాను, ముక్కుకి గుడ్డ, చేతులనిండా కారం. యూనివర్సిటీ నుంచి కమిటీ సారు వస్తున్నారంటే కాస్త మంచి చీరన్నా కట్టుకునేదాన్ని కదా.

ఆ మంచం మీద కూర్చోండి. కాయల పక్కన వద్దు, ఘాటుకి కోరెక్కుతుంది. ఇదిగో, తుమ్మనే తుమ్మారు. తుమ్మండి, పర్లేదు. గుంటూరులో ఉండి కూడా మిరపకాయకి తుమ్ముతారా అని అడగకూడదు గానీ, నాకు నవ్వొస్తోంది. ఏమనుకోకండి. నాకు సంతోషమొచ్చినా నవ్వే, భయమేసినా నవ్వే. నిన్ను చావింటికి తీసుకెళ్లాలంటే హడలు అంటాడు మా ఆయన సిలార్.

నేనే మౌలాబీని. మీ కాగితాల్లో ఉన్న మౌలాబీని నేనే. శ్రీరమ్య మేడం గారి పరిశోధన జరిగింది ఈ కల్లంలోనే. మా కల్లమే ఎందుకంటే, రోజూ పుస్తకంలో రాస్తానని ఒప్పుకున్నది ఊళ్లో నేనొక్కదాన్నే. ఐదో తరగతి దాకా చదివాను లెండి. మిగతావాళ్లంతా ఆవిడకి మజ్జిగిచ్చి పంపించేశారు.

పాసయ్యాయటగా సారూ? మొన్న మేడం గారు ఫోన్లో చెప్పారు. రెండు కుప్పలూ పాసంట, ఒక్కదాంట్లో కూడా బూజు విషం లేదంట. ఆవిడ గొంతు కాస్త నీరసంగా ఉంది, జలుబు చేసిందేమో అనుకున్నా. నాకు మాత్రం అప్పట్నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు. ఆ రోజు అన్నం మాడ్చాను. వినుకొండలో మా ఆడపడుచు నజ్మీన్‌కి ఫోన్ చేసి, నా కాయలు ల్యాబులో పాసయ్యాయే అంటే, ఏ క్లాసు భాభీ అని అడుగుతుంది.

మీకు తెలిసిందే అయినా చెబుతాను, నాకు చెప్పుకోవడం సరదా. ఒకే చేలో, ఒకే రోజు కోసిన కాయ. సగం వల మీద పోశాం, సగం నేల మీద పోశాం. వలంటే, నడుమెత్తున కర్రలు పాతి బిగించి కట్టింది. కిందనుంచి గాలి ఆడుతుంది. పైన పందిరిలాగా ప్లాస్టిక్ కప్పు. ఎండ దిగుతుంది గానీ వాన దిగదు. ఇంక దాని దగ్గర మనిషి కాపలా అక్కర్లేదు.

నేల మీద కుప్ప ఉంది చూశారా, దాని మీద మాత్రం ఏదీ కప్పకూడదు. మంచు పడనీ, చినుకు పడనీ, దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. మేడం గారు నా చేత చేతిలో చెయ్యి వేయించుకుని మరీ చెప్పారు.

ఎందుకంటారా? మా ఊళ్లో రహిమున్నీసా అని ఉంది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. అరెకరం కౌలుకి తీసుకుని మిరప వేస్తుంది. కాయ ఆరబోసి, పొద్దున్నే పత్తి తీయడానికి కూలికి పోతుంది. ఆమె కల్లం డొంక అవతల, పిలిస్తే పలికే మనిషి లేనిచోట. మధ్యాహ్నం మబ్బేస్తే ప్లాస్టిక్ పట్టా ఎవరు కప్పుతారు? పోయినేడు అలాగే తడిసి బూజు పట్టింది. గుంటూరు మిర్చి యార్డులో కొనేవాడు ఆమె టిక్కీ బస్తా విప్పి, కాయ వాసన చూసి, పక్క టిక్కీ దగ్గరికి వెళ్లిపోయాడంట. ఆ మాట చెప్పి రెండు రోజులు ఏడ్చింది.

అలాంటి మనిషి కాయ ఏమవుతుందో నేల కుప్ప చెప్పాలి. వలుంటే ఏమయ్యేదో వల కుప్ప చెప్పాలి. ఈ ఏడు రుజువైతే వచ్చే ఏడు యూనివర్సిటీ వాళ్లు నలభై ఇళ్లకి వలలు కట్టిస్తారంట కదా. ఆ జాబితాలో మొదటి పేరు రహిమున్నీసాది. నేనే రాయించాను.

టీ తాగండి, చల్లారిపోతోంది. అదేంటి అలా చూస్తున్నారు? పంచదార ఎక్కువైందా?

ఏంటీ?

మళ్లీ చెప్పండి సారూ, నెమ్మదిగా చెప్పండి.

అంటే, ఏమీ కప్పకుండా నేల మీద పోసినా బూజు పట్టలేదు, వల మీదా పట్టలేదు. రెండూ ఒకటే అయినప్పుడు వల దండగ. అంతేనా? మేడం గారి పరిశోధన వల్ల రైతుకి ఒరిగిందేమీ లేదని రాసేసి, వచ్చే ఏటికి ఆపేస్తారా? వలలు ఎవరికీ రావా?

మరి నా దగ్గరికెందుకొచ్చారు? సంతకానికా? పుస్తకంలో ఉన్నదంతా నిజమేనని నేను సంతకం పెట్టాలా?

చూశారా, మళ్లీ నవ్వొస్తోంది. ఇది సంతోషం నవ్వు కాదు సారూ.

అయితే మేడం గారికి జలుబు కాదన్నమాట.

ఆ పుస్తకం ఇటివ్వండి. ఇదిగో, కప్పారా అని అడిగిన గడి. లేదు, లేదు, లేదు. పద్నాలుగు రోజులు వరసగా లేదు. నా చేతిరాతే. గుండ్రంగా బాగానే రాశాను.

మా ఊరి సంగతి మీకొకటి తెలియాలి. ఇక్కడ మబ్బేస్తే ఎవరి కాయలని చూడం. అన్నం తినేవాళ్లు ఎంగిలి చేత్తోనే లేచి పరిగెత్తుతారు. ఏ కల్లం దగ్గరుంటే దాని మీద పట్టా లాగేస్తారు. నాకూ పక్క చేను వెంకటరావమ్మకీ గట్టు దగ్గర తగాదా. మూడేళ్లయింది మాటలు లేక. అయినా ఆమె కాయల మీద నేను కప్పాను, నా కాయల మీద ఆమె కప్పింది. కప్పేసి ముఖాలు తిప్పుకుని పోతాం. కాయ తడుస్తుంటే చూస్తూ నిలబడటం ఈ ఊళ్లో ఎవరికీ రాదు సారూ.

ఐదో రోజు మధ్యాహ్నం మబ్బేసింది. నేను ఇంట్లోకి పోయి తలుపేసుకున్నా. మేడం గారికిచ్చిన మాట తలుచుకుంటూ మంచం కోడు గట్టిగా పట్టుకుని కూర్చున్నా. మొదటి చినుకు రేకుల మీద టపామంది. తర్వాతేమైందో నాకు తెలీదు. చూసుకునేసరికి కల్లంలో ఉన్నాను, పట్టా కొస నా చేతిలో ఉంది.

రెండో కొస వెంకటరావమ్మ చేతిలో ఉంది.

మూడేళ్ల తర్వాత మొదటిసారి మాట్లాడింది. ఏమందో తెలుసా? గట్టిగా లాగవే, తడిసిపోతున్నాయి అంది. నాకెంత సంతోషమేసిందో మీకు చెప్పలేను. ఇద్దరం నిలువునా తడిసి, పట్టా మీద రాళ్లు పెడుతూ ఒకటే నవ్వు. ఆ నవ్వులో నాకు మేడం గారూ గుర్తు లేరు, పరిశోధనా గుర్తు లేదు.

ఒకసారి కప్పాక చెయ్యి ఊరుకోదు కదా. ఆ సాయంత్రం మంచుకి కప్పాను. మర్నాడూ కప్పాను. రోజూ కప్పాను. పొద్దున్నే పట్టా తీసేసి, పుస్తకంలో లేదు అని రాశాను. మాట తప్పానంటే మేడం గారు బాధపడతారని. అయినా కాయ బాగుంటే ఆవిడకే పేరు కదా అనుకున్నా. ఒక కుప్ప చెడితేనే ఆవిడ గెలుస్తారని నాకెలా తోస్తుంది? మిరపకాయ పాడవ్వాలని ఎదురుచూసే చదువు ఒకటుంటుందని నాకేం తెలుసు?

రాయండి సారూ. మౌలాబీ కప్పింది, కప్పి అబద్ధం రాసింది, ఇందులో మేడం గారి తప్పేమీ లేదు అని రాయండి. సంతకం దాని కింద పెడతాను. ఆవిడకి నేనే ఫోన్ చేసి చెప్పుకుంటా. చెప్పేటప్పుడు నవ్వొచ్చేస్తుంది, అపార్థం చేసుకోకుండా ముందు మీరొక మాట చెప్పి ఉంచండి. రహిమున్నీసాకి ఏం చెప్పాలో మాత్రం నాకు తెలీడం లేదు. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నా.

ఇంకొక్క ఏడు చేయించండి. మీ కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటా. ఈసారి పుస్తకంలో అబద్ధం రాయను, ఒట్టు.

కప్పకుండా ఉంటావా అంటారా?

ఉండలేను సారూ. ఉంటానంటే అది ఇంకో అబద్ధం. నేనాగినా వెంకటరావమ్మ ఆగదు. ఆమె ఆగినా, ఆటో ఆపించుకుని దిగి మరీ కప్పేవాళ్లున్నారు ఈ దారిలో. మీరొక పని చేయండి. వల కుప్ప మా దగ్గరే ఉంచండి. నేల కుప్ప మాత్రం తీసుకెళ్లి మీ యూనివర్సిటీ మేడ మీద పోయించండి. అక్కడైతే ఎంత వానొచ్చినా ఎవరూ కుర్చీలోంచి లేవరు.