ఏడో పేరు

బెల్జియంలో, పలు దేశాలు కలిసి నడిపే బడి. సాయంత్రం గ్రీకు తరగతిలో టీచరు ఎవాంథియా గోడ మీది బొమ్మలు తీస్తోంది. తల్లిదండ్రుల తరఫున గవర్నర్ల సభలో కూర్చునే స్తమాతియా విసురుగా లోపలికి వచ్చింది.

“అప్పుడే తీసేస్తున్నావేంటే?”

“మెల్లగా తీస్తే చిరగవు కదక్కా.”

“ఆపు! ఏడుగురు చేరితే గ్రీకు తరగతి ఉంచాలని గవర్నర్లను ఒప్పించాను. అన్ని దేశాలవాళ్లూ చేతులెత్తారు. నీ జీతం మన దేశం ఇస్తుంది, మిగతా ఖర్చు యూరప్ నిధి చూసుకుంటుంది. ఇంకేం కావాలి?”

“ఏడుగురు కావాలి. ఆరుగురే ఉన్నారు.”

“పోయిన నెల దాకా ఏడుగురు!”

“పోయిన నెల దాకా.”

“ఎవరే మానేసింది? ఫిలియో కూతురేనా?”

“కాదు.”

“అదే. నిన్న ట్రాములో నన్ను చూసి ముఖం తిప్పుకుంది ఫిలియో.”

“నువ్వు పదిమందిలో కడిగేస్తే తిప్పుకోదా? దాని కూతురు ఇక్కడే చేరుతోంది. ఇదిగో, ఈ గాడిద ఆ పిల్ల వేసిందే.”

“గాడిదా? మేకనుకున్నా. సరే, మరెవరు?”

“కాఫీ పెట్టనా?”

“పేరు చెప్పవే!”

“దరఖాస్తుల సంగతి బయట చెప్పకూడదు...”

“నాకా రూల్స్ చెప్తున్నావ్? తరగతి లేకపోతే నిన్ను ఏథెన్సుకు పిలిపించేస్తారు, తెలుసా?”

“తెలుసు. కబురొచ్చింది.”

“ఎప్పుడు?”

“మూడు వారాలైంది.”

“మూడు వారాలు! రోజూ నాతో గడపగడపా తిరుగుతూ నోరు విప్పలేదా? నువ్వా?”

“ఎలా విప్పనక్కా?”

“నోటితోనే! ఎవరా పిల్ల?”

“పిల్లాడు. ఇంట్లో మాట్లాడేది ఫ్రెంచే, వాణ్ణి ఫ్రెంచి తరగతిలో వేయమని తండ్రి రాసిచ్చాడు. నేనే పరీక్ష చేశాను. ఏ బొమ్మ చూపించినా ఫ్రెంచిలోనే చెప్పాడు. రొట్టెకి కూడా.”

“రొట్టెకి కూడానా! ఆ తల్లికి సిగ్గులేదూ? అయినా తల్లి సంతకం లేకుండా చెల్లదు.”

“సంతకం ఉంది. చదివి పెట్టి ఉండదు. నీ గవర్నర్ల సభ కాగితాల కట్టలో కలిపి ఇచ్చాడట.”

“నా కట్టలోనా?”

“కూర్చో అక్కా.”

“బెన్వా? మా ఆయనా?”

“ముందు కూర్చో.”

“నన్నడగకుండానా! పదేళ్ల కాపురం... నా చేత్తోనే నా తరగతి మూయించాడా? అబద్ధం. మా ఆరిస్‌కి గ్రీకు రాకపోవడమేంటి? రోజూ నేను మాట్లాడతాను వాడితో!”

“అదే అడిగాను వాణ్ణి. ‘అమ్మ మీటింగు నుంచి వచ్చేసరికి నేను నిద్రపోతా’ అన్నాడు. అది కూడా ఫ్రెంచిలోనే.”