పసుపు పూసిన సర్వే రాయి

1961 ఎండాకాలంలో ఒక మిట్టమధ్యాహ్నం, తండ్రి పేరున్న పట్టా చేతబట్టుకుని మైపాడు ఇసుకదిబ్బ ఎక్కాడు జయరామయ్య. దిబ్బ మీది గుడిసె ముందు, పసుపు పూసిన రాయి పక్కన కూర్చుని కామమ్మ వల బాగుచేసుకుంటోంది.

“ఈ దిబ్బ మా నాయనది. ఇదిగో పట్టా. నీ దగ్గరేముండాది?”

“నా దగ్గర కాగితమేం లేదయ్యా.”

“మరి మా హద్దురాయికి పసుపు పూసేదేంది? నెత్తిన బాణం గుర్తు కనపడలా? అది సర్వేవాళ్లు పాతిన రాయి!”

“అది నా మొగుడయ్యా. తొమ్మిదేళ్ల కిందట వేటకు పోయినాడు, పీనుగు కూడా ఒడ్డుకు రాలా. ఈ దిబ్బన నిలబడుండే రాయి ఇదొక్కటే కనపడింది. సముద్రం దిక్కు తిరిగి, పేరు పెట్టి దీంట్లోకి పిలిచినాం. ఆ పొద్దే పక్కన గుడిసె ఏసుకున్నా.”

“తెలీక చేసినావు. రేపు కొలతలకొస్తారు. పసుపు కడిగేసి, లేచి పో.”

“నన్ను పొమ్మంటే పోతా. ఆయన్ను మాత్రం మీరే లేపుకోండి.”

జయరామయ్య వంగి, బాణం గుర్తు మీది పసుపును గోటితో గీకాడు. చుట్టూ ఇసుక నిప్పుల్లా కాలుతుంటే రాయి మాత్రం చల్లగా ఉంది. వేళ్లకు తడి అంటింది.

“దీని మీద నీళ్లెప్పుడు పోసినావు?”

“పొయ్యలేదయ్యా. ఆయన బట్టలింకా ఆరలా.”